తడిసిన స్కేట్లు

వన్నూరప్ప గుమ్మంలోనే నిలబడిపోయినాడు. చనిపోయిన కూతురు హిమజ స్కేట్లు, గూట్లో పెట్టినవి పెట్టినట్టే, మళ్లా తడిసి ఉండాయి.

పోయినేడాది వాన పడినప్పుడల్లా ఇట్లే తడిసినాయి. కూతురే ఆడుకోని పోయిందనుకోని, బేరింగులు ఊడదీసి, తుప్పు పట్టకుండా కిరసనాయిల్లో కడిగి, నూనె చుక్క వేస్తా ఆ పిల్లతో మాట్లాడినాడు.

కానీ ఈరోజు బయట దుమ్ము లేస్తాండాది. భార్య సుంకమ్మ చీర అంచు తడిగా ఉండాది.

"అన్నిసార్లూ నువ్వేనా?"

"ఈ ఒక్కసారే," అనింది సుంకమ్మ. "నువ్వు దాంతో మాట్లాడతాంటే అది ఇంట్లో ఉన్నట్టే ఉంటాది. ఈ ఏడాది వానే లేదు. వాన రాకుంటే అది రాదేమోనని భయమేసింది."

వన్నూరప్ప కిరసనాయిలు గిన్నె తెచ్చుకోని కింద కూర్చున్నాడు. ఒక స్కేటు తన ముందు పెట్టుకోని, రెండోది ఆమె ముందుకు జరిపినాడు.

"రా. ఈసారి నువ్వూ మాట్లాడు."