ఈ బిళ్ళ ఎవరిచ్చారు?

మేనల్లుడు మళ్ళీ మెలికలు తిరిగిపోయాడు. కాంపౌండర్ తన బరువంతా వేసి వాణ్ని మంచానికి అదిమి పట్టాడు.

"ఎముకల్ని పిండేస్తున్నట్టుంది మావయ్యా... చచ్చిపోతాను."

"చావవురా. ఇంకొక్క రెండ్రోజులు పళ్ళ బిగువున ఓర్చుకో."

యుద్ధానికి ముందు అది బడి గది. ఇప్పుడు నల్లబల్ల కింద వరసగా మంచాలు. అన్నిటి మీదా చెమటలు కక్కుతూ వణుకుతున్న సిపాయిలు. వాళ్ళ తుపాకులు గోడకి చేరేసి ఉన్నాయి. వాటిని ఎత్తాల్సిన చేతుల్లో మంచినీళ్ళ గ్లాసు కూడా నిలవడం లేదు.

ధడాలున తలుపు తెరుచుకుంది. కమాండర్. వెనకే ఇద్దరు కాపలావాళ్ళు.

"సాయంత్రం దాడి ఉంది. నా దళం చూస్తే ఇలా తగలడింది!" పిడికిలి విప్పాడు. అరచేతిలో ఒక తెల్ల బిళ్ళ. "మీలో ఒకడి జేబులో దొరికింది. ఇది మీ నోట్లో వేసిందెవడు?"

మంచాల మధ్య నడుస్తూ ఒక్కొక్కడి మొహంలోకీ చూశాడు.

"పులుల్లాంటి వాళ్ళని పీనుగుల్ని చేశాడు. వాణ్ని ఈ గోడకే నిలబెట్టి కాల్పిస్తాను."

"మమ్మల్ని కూడా కలిపి కాల్చెయ్యండి సార్, పీడా పోతుంది," అన్నాడు మూల మంచం మీది సిపాయి. ఎవరికీ నవ్వు రాలేదు.

కాంపౌండర్ మేనల్లుడి నుదుటి మీద చెమట తుడిచాడు. వాణ్ని మళ్ళీ మనిషిగా చేసి ఇంటికి తెస్తానని అక్కకి మాటిచ్చాడు. ఈ స్థితిలో దాడికి పంపితే శవం కూడా దక్కదు.

"సార్, వీళ్ళు లేవలేరు. ఈ ఒక్కసారికీ వదిలెయ్యండి," బతిమాలాడు.

"నువ్వు నోర్ముయ్ మావయ్యా!" దళమంతా ప్రేమగా పిలిచే పిలుపే అది. కమాండర్ నోట బూతులా వినిపించింది.

ఆయన మేనల్లుడి మీదికి వంగాడు. గొంతులో ఒక్కసారిగా తేనె ఊరింది, చెయ్యి చొక్కా జేబుని తట్టింది.

"నువ్వు చెప్పు నాన్నా. పేరు చెప్తే చాలు. నీ బాధ ఈ క్షణంలోనే తీరుస్తాను."

మేనల్లుడు మావయ్య వైపు చూశాడు. కాంపౌండర్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. వాడి కళ్ళు మాత్రం కమాండర్ చొక్కా జేబు మీదికి జారి, అక్కడే అతుక్కుపోయాయి.

"మావయ్యే సార్! యుద్ధంలో భయం తెలీకూడదని మీరు రోజూ పంపే మత్తుబిళ్ళలన్నీ కాలవలో పారబోసి, వారం నుంచీ మాకు ఈ ఉత్త పంచదార బిళ్ళలు మింగిస్తున్నాడు!"