చేటెడు తవుడు

"నర్సమ్మ వచ్చింది!" అన్నారెవరో వీధిలో.

జయరాముడికి ప్రాణం లేచొచ్చింది. లోపల భార్య చెన్నమ్మ నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది. మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరు కోసం రాయదుర్గానికి బండి పంపాడు గానీ, గడ్డిలేక బక్కచిక్కిన ఎద్దులు ఎప్పటికి చేరతాయో!

గడప ముందు తెల్లచీర కట్టుకున్న పిల్ల, చేతిలో సంచి.

"రామ్మా! దేవత మాదిరి వచ్చినావు. యాడనుంచి?"

"అనంతపురం పెద్దాసుపత్రిలో నర్సుపని నేర్చుకుంటాండా అన్నా. సెలవులకు ఇంటికొచ్చినా. సంగతి తెలిసి పరిగెత్తినా."

"ఈ ఊరి పిల్లవేనా? ఎవరి బిడ్డవు?"

ఆ పిల్ల అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

"ఎరుకల బయమ్మ బిడ్డను."

జయరాముడు గడపకు అడ్డంగా చెయ్యి పెట్టాడు.

ఎరుకలవాళ్ళు పుట్టుదొంగలన్న చట్టం రద్దయి పదేళ్ళు దాటింది. చట్టానికేం, కాగితం మీద కొట్టేస్తే పోతుంది. మనసుల్లోంచి పోవాలి కదా!

"నువ్వు నా పెండ్లాన్ని ముట్టేదా? పో!"

"మా అమ్మ నా తమ్ముని కాన్పులోనే పోయిందన్నా. చూసేదానికి ఎవరూ రాలేదు. ఇంకే తల్లీ అట్ల పోకూడదనే ఈ చదువు చదువుతాండా. ఒక్కసారి చూడనీ. మా అమ్మ ఈ ఇంటి గురించి శానా చెప్పేది..."

"మీ అమ్మకు మా ఇంటితో ఏం పని?"

తలుపు వేసేశాడు.

ఆ పిల్ల కదల్లేదు. లోపల కేక వినిపించినప్పుడల్లా తలుపు కొట్టింది. బతిమాలింది. ఏడ్చింది.

పొద్దువాలేవేళకు కేకలు ఆగిపోయాయి. పసిబిడ్డ ఏడుపు ఒక్కటే మిగిలింది.

లోపలి గదిలోంచి జయరాముడి తల్లి బిడ్డనెత్తుకుని వచ్చింది.

"చెన్నమ్మ పోయిందిరా."

అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"నర్సు వచ్చిందన్నారే! ఈ కేకల్లో బయట సంగతేమీ ఇనపడక, ఇప్పుడొస్తాది, ఇప్పుడొస్తాది అని చూస్తానే ఉండా. యాడరా ఆ పిల్ల?"

"ఎరుకల బయమ్మ బిడ్డంటమ్మా. ఎట్ల ముట్టనిస్తా?"

ముసలమ్మ బిడ్డను గుండెకు అదుముకుని కొడుకు ఎదురుగా కూర్చుంది.

"నీకు ముందు ముగ్గురు పుట్టి పోయినారు. నువ్వన్నా దక్కాలని, పుట్టినపొద్దే నిన్ను చేటలో పెట్టి ఒక ఎరుకలామెకు ఇచ్చేసినా. 'వీడు నా బిడ్డ, వీన్ని ముట్టొద్దు' అని ఆయమ్మ చావుకు చెప్పింది. చేటెడు తవుడు పోసి నిన్ను మళ్ళీ కొనుక్కున్నా. నీకు తెలీకూడదని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా."

బయట ఆ పిల్ల తలుపు కొడుతూనే ఉంది.

"ఆయమ్మే బయమ్మ. తలుపు తియ్యి నాయనా, వచ్చింది నీ చెల్లెలు."