కోడిపిల్లల రాయి

గొడుగావిడ మళ్లీ వచ్చింది.

దాణా కొట్టు షావుకారికి ఒళ్లు మండింది. కొట్లో నలుగురుంటే ఆవిడ లోపలికి రాదు. ముడిచిన గొడుగు పట్టుకుని కరెంటు స్తంభం పక్కన నిలబడుతుంది. అందరూ వెళ్లాక పిల్లిలా గుమ్మం ఎక్కుతుంది.

"బాబూ, ఇది కోడిపిల్లలకేనా?" అంటూ రాళ్ల డబ్బాలో చెయ్యి పెట్టింది.

"పైన రాసుంది, కనబడటం లేదా?"

కోడికి పళ్లుండవు. తిన్న గింజ అరగాలంటే కడుపులో కాస్త రాయి పడాలి. కోడిపిల్లల రాయి నిండుకున్నప్పుడల్లా షావుకారు పెద్దకోళ్ల రాయి బస్తా విప్పి అదే డబ్బాలో పోసేస్తాడు. ఏదైనా రాయే కదా అని ఆయన ధీమా.

ఆవిడ గుప్పెడు తీసి అరచేతిలో నలిపి చూసింది.

"పెసరగింజంత ఉన్నాయి. నత్తగుల్ల ముక్కలు కూడా కలిశాయి. గుడ్లు పెట్టే కోళ్లకైతే సరే గానీ, పసివాటికి ఇసుకలా సన్నంగా ఉండాలి బాబూ."

"నువ్వు కొనేదేమైనా ఉందా?"

"లేదు."

"అయితే దయచెయ్యి."

ఎదురుగా ఇంకో దాణా కొట్టు తెరిచిన దగ్గర్నుంచీ షావుకారికి బేరాలు పల్చబడ్డాయి. ఉన్న నలుగురూ జారిపోతే షట్టరు దించుకోవాల్సిందే. ఈవిడ ఎదుటివాడి మనిషేనని ఆయనకి రూఢి అయిపోయింది.

మర్నాడు కొట్టు నిండా జనం ఉండగా, స్తంభం దగ్గరున్న ఆవిణ్ణి ఆయనే కేకేసి పిలిచాడు.

"రా, అందరి ముందూ చెప్పు. నా సరుక్కి ఏం రోగం వచ్చింది?"

కొట్టంతా అటు తిరిగింది. ఆవిడ గొంతు తగ్గించింది.

"ఒక్కసారి పక్కకి రా బాబూ, చెప్తాను."

"పక్కకెందుకు? చెప్పడానికేమీ లేదు గనకనా? సిగ్గుంటే మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

ఆవిడ మళ్లీ రాలేదు.

వారం తిరక్కుండానే ఒకాయన గంప తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు. నిండా చచ్చిన కోడిపిల్లలు. గొంతు కింద తడిమితే రాళ్లు చేతికి తగిలాయి.

"నీ కొట్టుకో దండం" అని ఆయన వెళ్లిపోయాడు.

ఆ గొడుగావిడే డబ్బాలో ఏదో కలిపి ఉంటుందనుకున్నాడు షావుకారు. ఊగిపోతూ రోడ్డు దాటాడు.

"ఏరా, ఆడమనిషిని పంపి నా నోట్లో మట్టి కొడతావా?"

ఎదుటి కొట్టువాడు తూకం ఆపాడు.

"నేను పంపలేదు. పంపుదామని మాత్రం చూశాను."

"అంటే?"

"నీ డబ్బాలో రాయి తిని అందరికంటే ముందు పోయినవి ఆవిడ కోడిపిల్లలే. నీ కొట్టు ముందు నిలబడి ఆ మాట అరిచి చెప్తే కొత్త పిల్లల్ని ఊరికే ఇస్తానన్నాను."

"మరి?"

"'నలుగురి ముందూ అంటే ఆ కొట్టు మూతపడుతుంది, ఎవరూ లేనప్పుడు ఆయన చెవినే వేస్తాను' అని గొడుగు తీసుకుని నీ దగ్గరికే వచ్చింది."