‘ట’ లేని వాక్యం

"నీ కథలో తప్పు పట్టారు మా క్లాసు పిల్లలు," అంది వెలిచ్కా, కాల్చిన మిరపకాయల తొక్క వలుస్తూ.

"పాఠ్యపుస్తకంలో ఉన్న కథలోనా!" నవ్వాడు ఆమె మొగుడు స్టామెన్.

"అదే, మా తమ్ముడు కాలిన్ దాన్యూబ్‌లో మునిగిపోయిన కథలో. కళ్లతో చూడనిదానికి ‘ట’ చేర్చడం మన బల్గేరియా వాళ్లకి ఉగ్గుపాలతోనే అబ్బుతుందిగా. పడవ తిరగబడిందట, వాడు కేకలు వేశాడట, గట్టున ఎవరూ లేరట. ఒక్కచోట మాత్రం ‘ట’ లేదు."

"ఎక్కడ?"

"‘చివరికి ఎర్రటోపీ ఊపాడు.’"

స్టామెన్ నవ్వు ఆగిపోయింది. "అచ్చుతప్పు."

"ప్రూఫులు దిద్దింది నువ్వేగా."

"కాలిన్ మునిగినరోజు నేను ఎక్కడో సోఫియా నగరంలో ఉన్నాను కదే!"

వెలిచ్కా చేతిలోని మిరపకాయ కింద పెట్టేసింది.

"ఉన్నావట," అంది.