ఊటీకి సరిపడా పాయింట్లు

"ఈ ఎండాకాలం ఊటీ పోతా ఉండాం," అంది సుకుమారి.

హాలిడే క్లబ్బులో చేరి నాలుగేళ్లయినా, ఆత్మకూరు టీచరు పాల్ బసకు చెల్లే పాయింట్లను ఏటా పోగేయడమే తప్ప భార్యను ఒక్క ఊరికీ తీసుకుపోలేదు.

"పాయింట్లు చాలవు. వచ్చే ఏడు చూద్దాం."

"ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి కనుక్కున్నాను. రెండు వారాలుండొచ్చంట."

పాల్‌కు వేరే సాకు తోచలేదు.

"ఘాట్ రోడ్డెక్కితే నాకు వాంతులు. చెప్పేదానికి సిగ్గయింది."

సుకుమారి నవ్వాపుకుంటూ క్లబ్బు ఉత్తరం అతని చేతిలో పెట్టింది. మహాబలిపురంలో, సముద్రం పక్కనే గది ఖాయమైందని. ఉత్తరం మీద పోయిన నెల తేదీ ఉంది.

"నీకెట్టా తెలుసు?"

"పెళ్లయిన వారానికే మీ అమ్మ చెప్పింది. మీరెన్ని సాకులు చెప్తారో చూద్దామని ఊరుకున్నాను."