మంచులో పెట్టిన చక్రం

"ఏయ్, చక్రం మీద చెయ్యి తియ్!"

తౌనో అరుపుకు కొత్త మనిషి ఉలిక్కిపడలేదు. బూట్ల మంచు దులుపుకుంటూ, బల్ల మీది చిన్న చక్రాన్ని వేలితో ఇంకోసారి తిప్పాడు.

గిర్రున తిరిగింది.

"బాగానే తిరుగుతోంది," అన్నాడు.

"నేను గ్రీజు పెట్టిన బేరింగు. తిరక్కేం చేస్తుంది?"

షెడ్డులో పొయ్యి ఎర్రగా మండుతోంది. నలభై ఏళ్ళనాటి పసుపుపచ్చ మంచుబండి వెనకభాగం దుంగ మీదికెత్తి ఉంది. బండిని మంచు మీద నడిపే రబ్బరు పట్టా, దాని లోపల తిరిగే పన్నెండు చక్రాలూ ఊడదీసి బల్ల మీద ఉన్నాయి.

తౌనో కూతురు సైమికి నెలలు నిండాయి. రోడ్డూ అంబులెన్సూ ఇనారి సరస్సుకు అవతలి ఒడ్డున. మధ్యలో ముప్పై కిలోమీటర్ల మంచుగడ్డ. దాటించడానికి తౌనోకు ఉన్నది ఈ బండి ఒక్కటే.

"ఎవరు నువ్వు?"

"స్కీల మీద ఇటుగా వచ్చాను. కాసేపు చలి కాచుకుని పోతాను."

తౌనో అయిష్టంగానే కాఫీ పోశాడు. కొత్త మనిషి డబ్బాలోని గ్రీజు రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇది వేసవిలో ట్రాక్టరుకు వేసేది కదా?"

"పాతికేళ్ళుగా ఇదే పెడుతున్నాను. నీకేం నొప్పి?"

"పాతికేళ్ళుగానా?"

"చెవుడా నీకు? మైనస్ ముప్పై డిగ్రీల చలి దాటితే నేను బండి బయటికే తియ్యను. నా చేతిలో ఇది ఒక్కనాడూ ఆగలేదు."

అతను లేచాడు. ఒక చక్రం తీసుకెళ్ళి బయట మంచులో పెట్టి వచ్చాడు.

"ఏంటా వేషాలు?"

"కాఫీ తాగేదాకా ఉండనివ్వండి."

"ఆగింది ఒక్కసారే," తౌనో అన్నాడు. "ఇరవై రెండేళ్ళయింది. నేను అడవిలో చెట్లు కొట్టే పనిలో ఉన్నాను. పిల్ల బడి హాస్టల్లో. మా ఆవిడ హెల్వికి ఊపిరాడలేదు. ఆ చలికాలం ఇక్కడ టపా పంచినవాడొకడు, యల్మారి అని, ఆవిణ్ణి ఈ బండి మీదే తీసుకెళ్ళాడు. వెధవ, పందెంలోలాగా తోలాడు. సరస్సు మధ్యలో చక్రాలు మాడ్చి ఆపేశాడు. అక్కడే పోయింది."

"వాడేమన్నాడు?"

"అనడానికి ఉంటేగా! నేనొచ్చేసరికి ఊరొదిలి పోయాడు. మొహం కూడా చూళ్ళేదు. చూసుంటే గొడ్డలితో మాట్లాడేవాణ్ణి."

అతను ఖాళీ కప్పు కింద పెట్టాడు. ఆ ఊళ్ళో రెండో కప్పు పోయకపోతే ఇక వెళ్ళమని అర్థం. తౌనో పోయలేదు.

అతను వెళ్ళి మంచులోని చక్రం తెచ్చాడు.

"తిప్పండి."

తౌనో తిప్పాడు. కదల్లేదు. బొటనవేలితో నెట్టాడు. మైనంలో ఇరుక్కున్నట్టు కాస్త జరిగి ఆగిపోయింది.

"వెచ్చటి షెడ్డులో గ్రీజు పెట్టి, వెచ్చటి షెడ్డులోనే తిప్పి చూస్తారు. ఈ ఒడ్డున అందరూ అంతే. గట్టి చలిలో ఇది తిరగదు. పట్టా దీని మీద రాసుకుంటూ పోతుంది. ఎంత మెల్లగా తోలినా మాడుతుంది."

సంచిలోంచి చలికాలపు గ్రీజు డబ్బా తీశాడు. కత్తిమొనతో బేరింగుల మూతలు లేపాడు. పాత గ్రీజు పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, కొత్తది వేలితో కూరాడు.

"సగమే నింపాలి. ఎక్కువైనా బరువే."

"పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావయ్యా," తౌనో వెక్కిరించాడు.

అతను నవ్వలేదు. పన్నెండు చక్రాలనూ మంచులో పెట్టి, తెచ్చి, తిప్పి చూశాకే బిగించాడు. వెలుగు తగ్గకముందే స్కీలు కట్టుకుని వెళ్ళిపోయాడు.

తౌనో పేరడగలేదు. మంచి జరిగితే ఎవరు చేశారని అడిగే అలవాటు అతనికి లేదు. చెడు జరిగితేనే అడిగేవాడు.

మూడోరోజు మధ్యాహ్నం సైమికి నొప్పులు మొదలయ్యాయి.

ముప్పై ఆరు డిగ్రీల చలి.

వెనక స్లెడ్జిలో తోళ్ళు పరిచి, కూతుర్ని పడుకోబెట్టి బయల్దేరాడు. ఊపిరి మీసాల మీదే గడ్డకట్టింది. సరస్సు మధ్యలో, హెల్వి పోయిన చోట బండి ఆపి దిగాడు. చేతితొడుగు తీసి పట్టా లోపలికి చెయ్యి పెట్టి ఒక్కో చక్రాన్నీ తాకాడు.

అన్నీ చల్లగా ఉన్నాయి.

ఊరివాళ్ళు ఆనాడు లాక్కొచ్చిన బండి గుర్తొచ్చింది. మూడు చక్రాలు నల్లగా మాడి ఉన్నాయి. ఆ రోజు చలి కూడా ముప్పై ఆరే.

గ్రీజు తను పెట్టినదే.

"నాన్నా! దాన్ని ముద్దులాడటం తర్వాత! నేనిక్కడే కనేస్తాను!"

తౌనో గబగబా ఎక్కాడు.

అవతలి ఒడ్డున దుకాణం ముందు అంబులెన్సు సిద్ధంగా ఉంది. సైమిని ఎక్కించుకుని వెళ్ళింది; తౌనో దుకాణంలోనే ఉండిపోయాడు. సాయంత్రం దుకాణంలో ఫోను మోగింది. దుకాణదారు ఇంకెరి ఎత్తింది.

"ఆడపిల్ల! తల్లీ పిల్లా క్షేమం. ఇక ఆ గుటకలు మింగడం మాను బాబాయ్!"

తౌనో కుర్చీలో కూలబడ్డాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ నవ్వాడు. ఇంకెరి కాఫీ పోసింది. తాగాక రెండో కప్పూ పోసింది.

అతను దాన్ని ముట్టుకోలేదు.

"స్కీల మీద ఒకాయన మా వైపు వచ్చాడు. నీకు తెలుసా?"

"తెలుసు. నీ పసుపు బండి ఇంకా నడుస్తోందా, గ్రీజు నువ్వే పెడతావా అనడిగాడు. సైమి సంగతి చెప్పాను. చలి గ్రీజు డబ్బా కొనుక్కుని అప్పటికప్పుడే నీ దగ్గరికి బయల్దేరాడు. నిన్ననే బస్సెక్కి పోయాడు."

"నేను రెండో కప్పు పోయలేదు పిల్లా. ఎవరాయన?"

ఇంకెరి కాఫీ కూజా కింద పెట్టింది.

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు బాబాయ్... మన పాత టపా మనిషి, యల్మారి."