ఎర్ర దీపం ఆరేదాకా

"మూత మీద చెయ్యి వేయకండి!"

హెడ్ నర్సు కేకకు ఇంజనీరు చేతిలోని స్క్రూడ్రైవర్ గాలిలోనే ఆగిపోయింది.

"ఈ పెట్టెను తయారుచేసింది నేనేనమ్మా," అన్నాడతను.

"చేస్తే చేశారు. ఎర్ర దీపం వెలుగుతుండగా మూత తీయకూడదు. కార్డులో ఉంది." గోడకు అతికించిన కార్డును ఆమె వేలితో చూపించింది. "నాలుగో వరస. చదువు వచ్చుగా?"

చదవనక్కర్లేదు. ఆ కార్డు రాసిందీ అతనే. నెలలు నిండకుండా పుట్టిన పసికందులను వెచ్చగా ఉంచడానికి, ఖరీదైన యంత్రాలు కొనలేని ఆసుపత్రుల కోసం, ప్లైవుడ్‌తోనూ మైనపు పలకతోనూ నాలుగేళ్లు కూర్చుని చేసిన పెట్టె అది. మైనం తగినంత వేడెక్కగానే ఎర్ర దీపం ఆరిపోతుంది. అప్పుడు బిడ్డను లోపల పడుకోబెట్టాలి. ఇరవై నిమిషాల పని. ఇప్పుడే మీట వేసి ఉంటారనుకుని అతను స్క్రూడ్రైవర్‌ను జేబులో పెట్టుకున్నాడు. తన మాటను ఇంత తు.చ. తప్పకుండా పాటించే చోటు ఒకటుందని తెలియడం లోలోపల బాగానే ఉంది.

"సరే, ఆరేదాకా ఆగుతాను. కానీ సాయంత్రంలోగా నాకు జవాబు దొరకాలమ్మా. ఈ పెట్టెలను ఉంచాలో తీసేయాలో రేపు కమిటీ తేలుస్తుంది. పన్నెండు ఆసుపత్రులకు ఇచ్చాం. పదకొండు చోట్ల ఐదుగురిలో ఒకరు దక్కలేదు. మీ దగ్గర..."

"ముప్పై ఒక్కరు. ముప్పై ఒక్కరూ ఇంటికెళ్లారు." రిజిస్టరు తెరవకుండానే చెప్పిందామె. "పెట్టె రాకముందు సంగతి మాత్రం అడక్కండి. గుడ్డలో చుట్టి తొట్టిలో పడుకోబెట్టేవాళ్లం. సగంమంది..." మిగతా మాట మింగేసింది.

అతనికి అంతుపట్టనిది అదే. ఆ పదకొండు చోట్లకూ తానే వెళ్లాడు. ప్రయాణంలో వేడి తీగకు కరెంటు అందకుండా అడ్డం పెట్టిన పసుపు పట్టీని తన చేత్తోనే లాగి, మీట నొక్కి, గంటల తరబడి నేర్పి వచ్చాడు. ఇక్కడికి రావలసిన వారం వంతెన కొట్టుకుపోయింది. పెట్టె ఒక్కటే పాల వ్యాను ఎక్కి, కార్డును వెంటబెట్టుకుని, చుట్టూ తిరిగి వచ్చింది. తాను కాలు పెట్టని చోటే తన పెట్టె గెలిచింది. ఈ సంగతి దారంతా అతన్ని ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"పిల్లలేరీ?"

ఆమె తెర పక్కకు లాగింది.

గోడ వెంబడి మూడు కుర్చీలు. మొదటిదాంట్లో ఓ నాయనమ్మ. ఆమె శాలువా అంచు మీంచి పిడికెడంత తల కనిపిస్తోంది. రెండోదాంట్లో, ఎంత కడిగినా గోళ్లలో రంగు వదలని ఓ పెయింటరు కళ్లు మూసుకుని తన కూతురిని గుండెకు ఆనించుకున్నాడు. మూడోదాంట్లో ఖాకీ చొక్కా గుండీలన్నీ విప్పుకుని వాచ్‌మన్.

"మెల్లగా నాయనా, మెల్లగా," అంది నాయనమ్మ. "మీ బూట్ల చప్పుడుకు పాప లేస్తుంది. మూడింటికి మా కోడలి వంతు. అందాకా నాకు తుమ్మడానికి కూడా పర్మిషన్ లేదు."

"వీడు మీ మనవడా?" అని వాచ్‌మన్‌ను అడిగాడు ఇంజనీరు.

"ఎవరి మనవడో సార్. వాళ్లమ్మకు జ్వరం. వాళ్లవాళ్లు రేపటికి గానీ రారు." వాచ్‌మన్ పెదవులు మాత్రమే కదిపి నవ్వాడు. "ముప్పై ఏళ్లు గేటు దగ్గర అందర్నీ నేనాపాను. నన్ను కూర్చోబెట్టి ఆపినవాడు వీడొక్కడే."

ఇంజనీరు వంగి చూశాడు. కిలో బరువు కూడా ఉండడు. ముసలాయన ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ చిన్న వీపు పైకి లేస్తోంది, వదిలినప్పుడల్లా దిగుతోంది. రెండు ఊపిరులు ఒకదాన్నొకటి వింటున్నట్టుగా ఉన్నాయి. చేతులు కడుక్కుని వచ్చి, వేలి కొసతో బిడ్డ అరికాలిని తాకాడు.

వెచ్చగా ఉంది. నాలుగేళ్లు గ్రాఫు కాగితాల మీద అతను వెతికిన వెచ్చదనం అది, ఒక డిగ్రీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. వేలు వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. కొలతలతోనే బతికిన మనిషికి, ఆ క్షణాన ఏ కొలతా గుర్తుకు రాలేదు.

"ఇది... మీకెవరు నేర్పారమ్మా?"

"భలేవారే! మీరే." హెడ్ నర్సు కార్డు చూడకుండానే అప్పజెప్పింది. "రెండో వరస. దీపం ఆరేదాకా ఎవరైనా ఒకరు బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెకు ఆనించి పట్టుకోవాలి."

ఆ ఇరవై నిమిషాల ఖాళీని పూరించడానికి, కార్డు అచ్చుకు వెళ్లే ముందు అతను ఇరికించిన వాక్యమది. మిగతా పదకొండు చోట్ల దాన్ని ఎవరైనా చదివారో లేదో కూడా అతనికి తెలియదు.

"మీ పెట్టె మా పాలిట దేవుడు బాబూ," అందామె. "రోజూ స్పిరిట్‌తో తుడుస్తాం. ఇంతవరకు ఒక్క గీత పడనివ్వలేదు."

అతను నోటుబుక్కు తెరిచాడు. రేపు కమిటీకి చెప్పవలసిన జవాబు సగం దొరికినట్టే ఉంది.

"ఇక పెట్టె సంగతి చెప్పండమ్మా. దీపం ఆరాక బిడ్డను లోపల ఎంతసేపు ఉంచుతారు?"

"ఆరాకా?" హెడ్ నర్సు పెట్టె వైపు తిరిగింది. ఎర్ర దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. పెట్టె అడుగు నుంచి, ఎవరూ లాగని పసుపు పట్టీ కొస ఇంకా వేలాడుతోంది. "గది చల్లగా ఉంటే ఆలస్యం కావచ్చు, ఓపిక పట్టండి అని ఆఖరి వరసలో మీరే రాశారుగా. పద్నాలుగు నెలలైంది బాబూ, ఇంకా ఆరలేదు."